‘ఏం లేదు’ అంటే సరిపోదు

మన దిక్కు ఆడవాళ్లకు ఎక్కువగా ఇచ్చే మందు ఒకటుంది. దాన్ని చీటీ మీద రాయరు, నోటితోనే ఇస్తారు. “ఏం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకు.” గుండె దడ అని పోయిన ఆడమనిషికి దవాఖానలో ఇదే ఇస్తారు. ఇంటికొస్తే భర్త ఇస్తాడు. ఫోన్ చేస్తే తల్లి కూడా ఇదే ఇస్తుంది. నాలుగేళ్లుగా నేనూ దీన్ని వాడుతున్నాను. ఒక్కరోజు కూడా పనిచేయలేదు. ఈ రోజు నా కొట్లాట ఆ మందు మీదే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నా గుండెకు జబ్బు లేదు. ఈసీజీ తీశారు, ఎకో తీశారు, రక్తపరీక్షలు చేశారు, చివరికి 24 గంటలు ఒంటికి తగిలించుకుని తిరిగే హోల్టర్ మిషన్ కూడా పెట్టారు. అన్నీ చూసి ప్రమాదం లేని దడ అని తేల్చారు. అందుకు నాకు సంతోషమే. కానీ ‘జబ్బు లేదు’ వేరు, ‘ఏం లేదు’ వేరు. మొదటి మాట పరీక్షలు చూసి డాక్టరు చెప్పొచ్చు. రెండో మాట చెప్పాలంటే రాత్రి పదకొండింటికి నా ఛాతీలో ఏం జరుగుతుందో వాళ్లకు తెలియాలి.

ఏం జరుగుతుందో చెప్తాను, మీలో చాలామంది గుర్తుపడతారు. గిన్నెలు తోమి, పొద్దటికి పప్పు నానబెట్టి, లైట్లు ఆర్పి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటాం. ఛాతీలో చేప ఎగిరినట్టు ఒక్కసారి ఎగురుతుంది. తర్వాత ఒక్క క్షణం ఏమీ ఉండదు. ఆ వెంటనే లోపల్నుంచి ఎవరో తలుపు గుద్దినట్టు ‘ధబ్’మంటుంది. అంతా కలిపి రెండు సెకన్లు కూడా పట్టదు. కానీ ఆ ఖాళీ క్షణంలో మనసుకు తోచేది ఒక్కటే, ఆగిపోయిందని. మా దిక్కు దీన్ని ‘బుగులు’ అంటారు. భయం కన్నా అది ఒక మెట్టు లోతుది.

ఆ రెండు సెకన్ల సంగతి ఏమిటో మూడేళ్లపాటు నాకు ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నాకు అర్థమైనట్టు మీకు చెప్తాను. గుండెలో పైన కుడివైపు గదిలో చిన్న కణాల గుంపు ఒకటుంటుంది. ‘ఇక కొట్టు’ అని ప్రతిసారీ కరెంటు సంకేతం పంపేది అదే. అప్పుడప్పుడు గుండెలో వేరేచోటి కణాలు ఆగలేక, వంతు రాకముందే సంకేతం ఇచ్చేస్తాయి. గుండె ఇంకా రక్తంతో నిండకముందే కొట్టేస్తుంది. ఆ దెబ్బలో బలముండదు, ఒక్కోసారి మణికట్టు దగ్గర నాడికి కూడా అందదు. అందుకే ఒకటి తప్పినట్టు అనిపిస్తుంది. తర్వాత కొంచెం విరామం వస్తుంది. ఆ విరామంలో గుండె మామూలుకన్నా ఎక్కువ నిండుతుంది కాబట్టి తర్వాతి దెబ్బ గట్టిగా పడుతుంది. ఊళ్లో బోరింగు కొట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తొందరపడి సగం పిడి కొడితే నీళ్లు కొన్నే వస్తాయి, ఒక్క క్షణం ఆగి నిండుగా కొడితే బిందెలో దభీమని పడతాయి.

అంటే మనల్ని అంతగా భయపెట్టే ఆ ‘ధబ్’ గుండె నిండుగా, బలంగా కొట్టిన దెబ్బ. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే నాకు ఎన్ని రాత్రులు మిగిలేవో.

గుండె రోజుకు దగ్గర దగ్గర లక్ష సార్లు కొట్టుకుంటుంది. 24 గంటలు రికార్డు చేసి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న చాలామందిలో కూడా ఇలాంటి తొందరపాటు దెబ్బలు కొన్ని దొరుకుతాయి. కొందరికి అవి తెలియనే తెలియవు. కొందరికి ప్రతి ఒక్కటీ తెలుస్తుంది. తెలిసేవాళ్లు పిరికివాళ్లని కాదు. ఎడమ పక్కకు పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుంది, రాత్రి చప్పుళ్లు ఉండవు, కాబట్టి ఇంకా బాగా తెలుస్తుంది.

ఇక ఈసీజీ సంగతి. మామూలు ఈసీజీ మిషన్ గుండెను చూసేది పది సెకన్లు. రోజుకు 86,400 సెకన్లు. రాత్రి పదకొండింటికి వచ్చే దడ పొద్దున పదకొండింటికి పది సెకన్లలో దొరక్కపోతే అబద్ధం చెప్పినట్టేనా? ఈ ఇబ్బంది తెలిసే, అమెరికాలో నార్మన్ హోల్టర్ అనే శాస్త్రవేత్త మనిషి తన పని తాను చేసుకుంటుండగానే గుండెను రికార్డు చేసే పరికరం తయారుచేశాడు. దానికి ఆయన పేరే ఉంది. ఈసీజీ నార్మల్ రావడం మంచిదే. అయితే ఆ పది సెకన్లూ గుండె బాగుందని మాత్రమే అది చెప్తుంది. మనకు ఏమీ కాలేదని చెప్పదు.

‘ఏం లేదు’ అనే మాట చేసే చెడు ఏమిటో ఇప్పుడు చూడండి. దడ వచ్చినప్పుడు భయపడతాం. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అది పెరిగితే గుండె వేగం పెరుగుతుంది, తొందరపాటు దెబ్బలు ఇంకా రావచ్చు, వచ్చినవి ఇంకా గట్టిగా తెలుస్తాయి. దాంతో మళ్లీ భయం. గానుగెద్దు తిరిగినట్టు తిరగడమే. ఈ గానుగను ఆపేది వివరం ఒక్కటే. వివరం ఇవ్వకుండా ‘ఏం లేదు’ అని పంపిస్తే, మనసు తన వివరం తాను తయారుచేసుకుంటుంది. డాక్టరుకు దొరకలేదని ఒకటి. దొరికినా చెప్పట్లేదని ఇంకొకటి.

ఆ మాటకు నేను కట్టిన కిరాయి చెప్తాను. మా పుట్టిల్లు మానుకోట. మీరు మహబూబాబాద్ అంటారు, మాకు మానుకోటే. జనగామలో రైలెక్కితే కాజీపేట, వరంగల్ దాటి నేరుగా దిగడమే. పెళ్లైనప్పట్నుంచి ఒక్కదాన్నే పోయి వచ్చిన దారి అది. ఒకసారి వరంగల్ దాటాక రైల్లో దడ వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు ఒంటరిగా రైలెక్కలేదు. మా అమ్మకు కంటి ఆపరేషన్ అయిన వారం కూడా మా ఆయనకు సెలవు దొరికేదాకా ఆగాల్సి వచ్చింది. అదీ సరే. మా బిడ్డకు పదకొండేళ్లు. ఒకరోజు స్కూల్ నుంచి వచ్చి, మెడ పక్కన రెండు వేళ్లు పెట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చుంది. ఏందిరా అంటే, “నాది కూడా ఆగుతదా అమ్మా?” అంది. ఒక ఇంట్లో బుగులు ఇలాగే తల్లి నుంచి బిడ్డకు పోతుంది. ఆ రోజు దానికి చెప్పడానికి నా దగ్గర ఉన్నది కూడా ‘ఏం లేదు’ అన్న మాటే. నాకు ఇచ్చింది అదే కదా.

“పని లేకపోతే ఇలాంటి ఆలోచనలే వస్తాయి” అనేవాళ్లున్నారు. వాళ్లకు ఒక లెక్క. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంట్లో జీతం లేని పనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. దాదాపు ఐదు గంటలు. పిల్లలనూ ముసలివాళ్లనూ చూసుకునేది ఇందులో కలపలేదు. పని లేకపోవడం వల్ల గుండె దడ వస్తే మన ఇళ్లల్లో ముందు ఎవరికి రావాలి?

ఇంకో ముచ్చట చెప్తాను, ఇది చదివినప్పుడు నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగింది. గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసం అని సైనికులు దవాఖానకు వచ్చేవాళ్లు. చూస్తే చాలామంది గుండెలో జబ్బేమీ కనిపించేది కాదు. జేకబ్ డా కోస్టా అనే డాక్టరు వాళ్లను పరిశీలించి 1871లో పెద్ద వ్యాసం రాశాడు. దానికి పేరు పెట్టారు. జనం వాడుకలో అది ‘సైనికుడి గుండె’ అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో ఇలాంటి సైనికుల కోసం ప్రత్యేకంగా దవాఖానలే నడిపారు, థామస్ లూయిస్ లాంటి పెద్ద గుండె డాక్టరు వాళ్ల మీద పనిచేశాడు. మంచిదే, వాళ్ల బాధ నిజం. నా ప్రశ్న ఒక్కటే. తుపాకీ పట్టినవాడికి గుండె దడ వస్తే పేరు, పుస్తకం, దవాఖాన. గరిటె పట్టినదానికి వస్తే టెన్షన్!

టెన్షన్ అనే ముద్రతో ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. ఆ ముద్ర పడ్డాక అసలు కారణం ఎవరూ వెతకరు. రక్తం తక్కువైతే గుండె దడ వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. వందలో యాభై ఏడుగురికి పైగా! గర్భిణి కాని ఆడమనిషికి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతే. ఇంతమందికి రక్తం తక్కువున్న రాష్ట్రంలో, దడ అని వచ్చిన ఆడమనిషికి హిమోగ్లోబిన్ చూడకుండా టెన్షన్ అని పంపించడం ఎట్లా న్యాయం?

మా చెల్లె కథ ఇదే. మా మరిది సింగరేణిలో పనిచేస్తాడు, వాళ్లుండేది భూపాలపల్లిలో. దానికి మెట్లెక్కితే దడ, పొయ్యి దగ్గర నిలబడితే దడ. అక్కడ చూపించిన డాక్టరు టెన్షన్ అని నిద్రమాత్రలు రాసిచ్చాడు. ఎనిమిది నెలలు గడిచాక పరకాల మీదుగా వరంగల్ పోయి చూపించుకుంటే హిమోగ్లోబిన్ ఏడున్నర. నెలనెలా ఎక్కువగా పోతున్న రక్తం గురించి అంతదాకా ఎవరూ అడగనే లేదు. ఐరన్ మాత్రలు వాడి, అసలు కారణానికి మందు వాడాక దాని దడ పోయింది. “అక్కా, నాది టెన్షన్ అని నేను కూడా నమ్మిన” అంది. నాకు ఏడుపొచ్చింది ఆ మాటకే.

ఇంకోవైపు భయం అమ్ముకునేవాళ్లున్నారు. ఫోన్ తెరిస్తే చాలు, ‘ఈ ఐదు లక్షణాలుంటే మీ గుండె ఆగిపోతుంది’ అని ఒకడు, జిమ్‌లో పడిపోయిన మనిషి వీడియో పెట్టి ఇంకొకడు. వేలకు వేలు పెట్టి ఒళ్లంతా పరీక్ష చేయించుకోమని ప్యాకేజీలు. ‘ఏం లేదు’ అనేవాళ్లు మనల్ని గుమ్మం బయటికి తోస్తే వీళ్లు బయట సంచి పట్టుకుని నిలబడతారు. డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే వీళ్ల దుకాణం సగం మూతపడేది.

డాక్టర్లను అంటే, “రోజుకు వందమందిని చూసేవాళ్లకు టైం ఎక్కడిది?” అంటారు. నిజమే, బయట లైను నేనూ చూశాను. కానీ పైన నేను రాసిన బోరింగు ముచ్చట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు చెప్పకపోతే అదే మనిషి నెలకు నాలుగుసార్లు వచ్చి లైన్లో నిలబడుతుంది. టైం ఎక్కడ మిగిలినట్టు? “చెప్తే ఇంకా భయపడతారు” అనేవాళ్లూ ఉన్నారు. లక్ష రూపాయల చిట్టీ లెక్క నోటితో వేసేవాళ్లం, ఇంటెడు మంది పథ్యాలు గుర్తుపెట్టుకునేవాళ్లం, మన గుండె ఎట్లా కొట్టుకుంటుందో చెప్తే తట్టుకోలేమా?

మా మూడు జిల్లాల్లో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. ఒకప్పుడు అందరికీ వరంగల్ ఎంజీఎమ్మే దిక్కు. రేపు అక్కడ చదివి బయటికొచ్చే పిల్లలకు నాదొక విన్నపం. ఈసీజీ చదవడం మీకు నేర్పిస్తారు. అది నార్మల్ వచ్చినప్పుడు ఎదురుగా కూర్చున్న ఆడమనిషికి ఏం చెప్పాలో కూడా నేర్చుకోండి.

ఇంటివాళ్లకూ నా మాట ఉంది. దిష్టి తీసినా, తాయెత్తు కట్టినా నాకు అభ్యంతరం లేదు, ఆ చేతుల్లో ప్రేమే ఉంటుంది. కానీ తాయెత్తు కట్టి ఇక మాట్లాడొద్దు అంటేనే కష్టం. పోయిన బతుకమ్మకు పూలు పేరుస్తూ మా అత్తమ్మ నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, “నాకు కూడా ఉండె బిడ్డా, ముప్పై ఏండ్ల సంది. ఎవలకు చెప్పాలె?” అంది. ఒకే కప్పు కింద ఇద్దరం, గోడకు ఇటు నేను, అటు ఆమె, అదే బుగులుతో పన్నెండేళ్లు పడుకున్నాం. ఇద్దరికీ దొరికిన మాట ‘ఏం లేదు’.

ఇక మనం చేయగలిగింది. దడ ఉంటే మొదట ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అడిగి చేయించుకోండి. ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో, అప్పుడు ఏం చేస్తున్నారో నోటుపుస్తకంలో రాసి తీసుకుపోండి. కాగితం చూస్తే టెన్షన్ అనడానికి నోరు అంత తొందరగా రాదు. జలుబు మందులు, ఆయాసానికి పీల్చే మందులు వాడుతుంటే అదీ చెప్పండి, కొన్నిటి వల్ల దడ వస్తుంది. నిద్ర తక్కువైనా, నీళ్లు తక్కువైనా, చాయ్ ఎక్కువైనా, నెలసరి ఆగిపోయే వయసులోనూ దడ పెరగొచ్చు. ప్రమాదం లేదని తేలాక దడ వస్తే నేను నాడి పట్టుకోను. ఊపిరి మెల్లగా, పొడుగ్గా బయటికి వదులుతాను. ‘బోరింగు’ అనుకుంటాను. చేస్తున్న పని ఆపను.

కొన్నిటికి మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా, గుండె వేగం ఎంతకీ తగ్గకపోయినా 108కి ఫోన్ చేయాలి. బరువు పని చేస్తుండగానే దడ వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉన్నా, ముందే గుండె జబ్బు ఉన్నా, గర్భిణి అయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఇవి తెలిస్తే భయం పెరగదు. దేనికి భయపడాలో తెలిస్తేనే మిగతావాటికి భయపడడం మానేస్తాం.

గుండె బాగుందని తేలినా బుగులు పోకపోతే దానికీ వైద్యముంది. భయం గానుగ నుంచి బయటికి తెచ్చే మాటల చికిత్స ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. మానసిక వైద్యుడి దగ్గరికి పోతే పిచ్చి అనుకుంటారని ఆగకండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. నేను రెండుసార్లు చేశాను. ఇప్పుడు మానుకోటకు మళ్లీ ఒక్కదాన్నే పోతున్నాను. దడ ఇంకా వస్తుంది. రైలు దిగేసరికి పోతుంది.

డాక్టరుకైనా, భర్తకైనా, తల్లికైనా, అత్తకైనా నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ‘ఏం లేదు’ అనే మాట తీసేయండి. దాని చోట ఇది పెట్టండి. “నీకు దడ వస్తున్నది నిజం. పరీక్షలు చేసి చూద్దాం. ప్రమాదం లేకపోతే ఎందుకు లేదో చెప్తాను, కూర్చో.” మా బిడ్డకు నేను ఇప్పుడు ఇట్లాగే చెప్తున్నాను. బొమ్మ కూడా గీసి చూపించాను. గుండె కన్నా బోరింగే బాగా గీశావంది.